పలక కడుపులో పేరు

4096వ రోజు

ఈ పుస్తకం మొదటి పేజీలోనే నియమాలు అచ్చువేసి ఉన్నాయి. కొలిమి ఎప్పుడు రాజేశారు, ఎన్ని పలకలు దించారు, ఎన్ని పగిలాయి, ఇవి మాత్రమే రాయాలట. వ్యక్తిగత అభిప్రాయాలు నిషిద్ధమట. పదకొండేళ్లుగా నేను ఇందులో అభిప్రాయాలు తప్ప పెద్దగా ఏమీ రాయలేదు. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. దీన్నిబట్టి ఈ పుస్తకం చదివే నాథుడు లేడని తేలిపోయింది. దేవుడికి చెప్పుకున్నా ఇంత గోప్యత దొరకదు.

నా పేరు పైడమ్మ. ఎర్రదిబ్బల కాలనీలో కొలిమికి పెద్దని. ఓడ దిగిన రోజున మా ఆయన గవరయ్య కిటికీలోంచి ఈ అంగారకుడి నేలను చూసి, "అచ్చం భీమిలి కాడ ఎర్రమట్టి దిబ్బల్లాగే ఉంది కదేటి!" అన్నాడు. అన్ని కోట్ల మైళ్లు ప్రయాణం చేసి మనవాళ్లు కనిపెట్టింది అదీ. ఆ పేరే కాలనీకి స్థిరపడింది. పేరు పెట్టినవాడు ఓడలో వైర్‌మ్యాన్ కాబట్టి, ఆ సంగతి ఏ శిలాఫలకం మీదా లేదు.

మా పని తేలిక, చెప్పడానికి. ఇక్కడి మట్టిలోంచి తీసిన ఇనుమును పొడి చేస్తాం. అచ్చులో ఒక పొర గట్టి ఇనుము, దానిమీద ఒక పొర మెత్తని ఇనుము, మళ్లీ గట్టిది, మళ్లీ మెత్తది, మొత్తం పదకొండు పొరలు పరుస్తాం. ప్రెస్సులో నొక్కి కొలిమిలో పెడతాం. కరిగించం. కరిగే వేడికి చాలా ముందే ఆపేస్తాం. ఆ వేడికి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని, డబ్బాలో మరిచిపోయిన బెల్లం పొడిలా గట్టిపడి పలకవుతాయి. దీన్ని సింటరింగ్ అంటారు. గట్టి పొరలో బీట పుడితే మెత్తని పొర దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. మనం పీల్చే గాలికీ, గాలి లేని బయటికీ మధ్య అడ్డున్నది ఆ పదకొండు పొరలే. మిగతావన్నీ ఉపన్యాసాలు.

ఇవాళ అరవై పలకలకు ఉత్తర్వు వచ్చింది. పిల్లలకు బడి కట్టాలట. ఇన్నాళ్లూ వాళ్లు భోజనాల గదిలోనే చదువుకుంటున్నారు. పదమూడో ఎక్కం చదువుతుంటే పక్కన గిన్నెలు తోముతుంటారు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు, ఒక్కతే పంతులమ్మ కుమారి. ఆమె మా ప్రెస్సు నడిపే డిల్లేశ్వరరావు భార్య. వాళ్ల పిల్లలిద్దరూ ఆ ముప్పై ఎనిమిదిలోనే ఉన్నారు.

మంచి ఉత్తర్వే కదా అని నేను సంతోషించేలోపు, నన్ను అక్కా అనడానికి బదులు అప్పా అని పిలిచే డిల్లేసు కాగితం తిప్పాడు.

"అప్పా, రెండో పేజీ సూసావేటి? సూడు, సూడు. నవ్వొస్తాది."

రెండో పేజీలో ఇలా ఉంది: 'కాలనీ అభివృద్ధికి పాటుపడిన కుటుంబాల పేర్లను, కోరినవారికి, బడి గోడ పలకల లోపల రాగి అక్షరాలతో శాశ్వతంగా పొందుపరచవలెను.'

నాకు నవ్వు రాలేదు.

4097వ రోజు

దించిన పలకలు: నాలుగు. పగిలినవి: లేవు.

ఈ పేర్ల రోగం అంటించింది నేనే. ఎలాగూ చదివేవాళ్లు లేరు కాబట్టి రాసేస్తున్నాను.

మూడేళ్ల కిందట గవరయ్య గుండె ఆగి పోయాడు. ఆ తర్వాతి వారం కొలిమి గది బయటి గోడకు ఒక పలక మార్చాల్సి వచ్చింది. ఆయన పనిముట్ల సంచిలో రాగి తీగ ముక్కలు మిగిలి ఉన్నాయి. ఆకురాయితో రాకి పొడి చేశాను. అయిదు పొరలు పరిచాక, ఆరో పొర మీద, ముగ్గు వేసినట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పొడి వదులుతూ 'గవరయ్య' అని రాశాను. పైన మిగతా పొరలు కప్పేశాను. పలక నా పీట వెనక గోడలో బిగించాం. పని లేనప్పుడు దానికి వీపు ఆనించి కూర్చుంటాను. ఎవరికీ తెలియదనుకున్నాను.

మా పలకలన్నీ తనిఖీ యంత్రం కిందికి వెళ్తాయి. అది పలకలోకి శబ్దాన్ని పంపి, లోపల ఉన్నది బొమ్మగా చూపిస్తుంది. దాన్ని నడిపే సుహాసిని తెర మీద మా ఆయన పేరు తెల్లగా మెరవడం చూసింది. నా కోసం ఆ పలకను బాగుందని రాసేసింది. రహస్యంగా ఉంచుతానని మాటిచ్చి, ఆ మాట నిలబెట్టుకుంది కూడా. ఒక్కసారికి ఒక్కరికే చెప్పింది.

ఇక మనవాళ్ల సంగతి తెలిసిందే. గ్లాసు మీదా గిన్నె మీదా పేరు కొట్టించకపోతే అందులో పోసినది గొంతు దిగదు. గుడికి ఇచ్చిన ట్యూబులైటు మీద వెలుతురు బయటికి రాకుండా పేరు రాయించే జాతి. అలాంటివాళ్లకు, చెరిగిపోని పేరు, గోడ ఉన్నంతకాలం ఉండే పేరు అని తెలిస్తే ఊరుకుంటారా?

4105వ రోజు

పేర్ల జాబితా వచ్చింది. నలభై ఒక్క పలకలకు పేర్లు కావాలట.

రాగి ఇక్కడ దొరకదు. ఎవరి పేరుకు వాళ్లే ఇచ్చుకోవాలి. కాబట్టి పొద్దుటి నుంచి కొలిమి ముందు వరుస. పూజలో పెట్టుకునే రాగి చెంబులు, ఉద్ధరిణలు, ఒంటికి వేసుకునే కడియాలు. అన్నీ ఆకురాయి కిందికి వెళ్లాయి. నలభై ఒకటిలో ముప్పై కుటుంబాలకు పైగా నాకు చెప్పింది ఒకటే మాట: మా పేరు పక్కింటివాళ్ల పేరుకంటే కింద రాకూడదు. గోడ లోపల, ఎవరికీ కనబడని చోట, ఎవరి పేరు కింద ఉందో చూసేదెవరని అడిగితే, "మనకి తెల్సు కదేటి" అన్నారు. లోపల ఉన్నట్టు జనానికి తెలియాలి కాబట్టి బయట బోర్డులు కూడా కావాలట.

గుమ్మం పైన వచ్చే పెద్ద పలక మా అధ్యక్షులవారిది. దాని మీద రావలసినది: 'కాలనీరత్న శ్రీ వేపాడ సత్య ఉమామహేశ్వర ప్రసాదరావు, అధ్యక్షులు'. అచ్చులో పట్టదు, 'శ్రీ' అయినా తీసేద్దామని కబురు పంపాను. 'శ్రీ' లేకుండా ఆయన ఎవరో పిల్లలకు ఎలా తెలుస్తుందని జవాబు వచ్చింది. అక్షరాలు ఇరికించి, రెండు వరుసలు చేశాం. మామూలు పలకకంటే ఆరింతల రాగి మింగింది.

వరుసలో చివర ముసలి అప్పలనర్సయ్య వచ్చాడు. మొక్కల గదిలో నీళ్లు పెడతాడు. చేతిలో సొట్టబోయిన చిన్న చెంబు.

"మా లచ్చమ్మది. తులసమ్మకి దీంతోటే నీలు పోసీది" అన్నాడు. "పేరు ఒక్కటే సాలు. ఇంటిపేరొద్దు. లచ్చమ్మంటే అదే."

ఆ చెంబు మాత్రం నేనే రాకాను. డిల్లేసుకు ఇవ్వలేదు.

కుమారిని అడిగితే అక్కర్లేదంది. "నా పేరు పిల్లలికి తెల్సులెండి" అంది. ఆమెలాంటివాళ్లవి పందొమ్మిది పలకలు మిగిలాయి. పేరులేని ఉత్త పలకలు.

4116వ రోజు

దించిన పలకలు: ఇవాళ్టికి మొత్తం అరవై. పగిలినవి: లేవు.

తనిఖీ యంత్రం పేరున్న నలభై ఒక్కటినీ తిప్పికొట్టింది. 'పలక లోపల లోపం. వాడరాదు' అని ఎర్రదీపం. సుహాసిని గాభరా పడింది. కమిటీ కూర్చుంది. రెండు గంటలు చర్చించి, నాలుగు పళ్లేలు పకోడీ తిని, లోపం యంత్రానిదేనని తేల్చింది. మహనీయుల పేర్లను లోపం అనడమేమిటి? ఇకపై అక్షరాల ఆకారంలో ఉన్న దేన్నీ లోపంగా చూపరాదని యంత్రానికి ఆదేశమిచ్చారు. యంత్రం మనిషి కాదు కాబట్టి ఎదురు చెప్పలేదు. అరవై పలకలకూ పచ్చదీపం వచ్చింది.

నేనూ ఎదురు చెప్పలేదు. మూడేళ్లుగా నా వీపు వెనక ఒక పేరున్న పలక నిక్షేపంగా నిలబడి ఉంది కదా అనుకున్నాను. ఈ వాక్యం కింద నేనే గీత గీసుకుంటున్నాను.

4128వ రోజు

బడి గోడలు లేచాయి. రోజుకొకసారి గదిలో గాలి నింపడం, మళ్లీ తీసేయడం, ఇలా వరుసగా పదిహేను రోజులు పరీక్ష. అదయ్యాక 4145వ రోజున ప్రారంభం. ముహూర్తం అధ్యక్షులవారే పెట్టారు. భూమి గడియారంతో పోలిస్తే ఇక్కడి సూర్యోదయం రోజూ నలభై నిమిషాలు వెనకబడుతుంటే ఏ పంచాంగం చూశారో నేను అడగలేదు.

కుమారి మధ్యాహ్నం వచ్చింది. కొత్తగా చేరే పిల్లలు తొమ్మిది మంది ఉన్నారు, అక్షరాభ్యాసానికి పళ్లెంలో ఇనుప పొడి కావాలంది. ఇక్కడ బియ్యంలో అక్షరాలు దిద్దించేంత బియ్యం లేదు. అందుకని మొదటి నుంచీ మా దగ్గరి పొడిలోనే ఓనమాలు దిద్దిస్తాం. అయ్యాక పొడి మళ్లీ డబ్బాలోకి వస్తుంది. ఏ పిల్ల దిద్దిన 'అ' ఏ గోడలో ఉందో ఎవరికీ తెలియదు.

"మెత్తటిది ఇవ్వప్పా. కిందటేడు గరుకుది ఇచ్చీసారు. ఒక గుంటడు ఏలు గీసుకుపోయిందని 'ఆ' దగ్గరే ఆగిపోయాడు."

మెత్తటిది జల్లించి పక్కన పెట్టాను.

4131వ రోజు

ఇవాళ బడి గదిలోకి వెళ్లాను. యంత్రం మీద నాకు గౌరవమే, కానీ పలకను గరిటెతో కొట్టి చూడనిదే నాకు మనసు పట్టదు. మా అమ్మ కుండలు అలాగే కొనేది. మంచి పలక ఖంగుమంటుంది, ఆ మోత కాసేపు నిలబడుతుంది.

కుమారి పేరు వద్దనడంతో ఉత్తదిగా మిగిలిన పలక ఖంగుమంది. దాని పక్కది డబ్‌మంది. దాని పక్కదీ అంతే. నేను గది చుట్టూ తిరిగాను. ఖంగుమన్నవి పందొమ్మిది. పగిలిన కుండలా మోగినవి నలభై ఒకటి.

వెనకే వచ్చిన డిల్లేసు మొహం పాలిపోయింది.

"పేరున్నవేనేటప్పా?"

"పేరున్నవే."

"మరి యంత్రం బాగున్నాయందే!"

"దానికి మనమే కళ్లు మూసీసాం కదరా."

గుమ్మం పైన ఉన్న అధ్యక్షులవారి పలకను కొట్టాల్సిన పనే లేకపోయింది. కింద నిలబడి చూస్తే దాని నడుమ సన్నగా ఉబ్బింది, నూనెలో వేసిన పూరీ పొంగబోయే ముందు ఉబ్బినట్టు.

4132వ రోజు

సుహాసిని చేత ఆ పలకకు మళ్లీ బొమ్మ తీయించాను. యంత్రం రాసిన నివేదికను ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను: 'అధ్యక్షుల పేరు కిందటి కొలతకంటే ఏడు మిల్లీమీటర్లు పొడవు. స్థితి: బాగుంది.'

పదవిలో ఉన్నవాళ్ల పేరు రోజురోజుకూ పెరగడం నాకు కొత్త కాదు. గోడ లోపల పెరగడం మాత్రం ఇదే మొదలు. అది పేరు కాదు, పేరు అంచుల నుంచి పాకుతున్న బీట. గాలి నింపి తీసిన ప్రతిసారీ కాస్త ముందుకు జరుగుతోంది.

కూర్చుని ఆలోచించాను. అర్థం కావడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు, అదే నా కడుపుమంట. మా కొలిమి పదకొండు వందల యాభై డిగ్రీలకు వెళ్తుంది. ఆ వేడి ఇనుమును కరిగించదు. రాగిని నీళ్లు చేసేస్తుంది. కరిగిన రాగి ఇసుకలో పోసిన నీళ్లలా చుట్టూ ఉన్న ఇనుప పొడిలోకి ఇంకిపోతుంది. ఇంకిపోయాక అది ఉన్న చోట ఏం మిగులుతుంది? ఏమీ మిగలదు. ఆ బోలుతనం అక్షరాల ఆకారంలో ఉంటుంది. దాన్నే యంత్రం తెల్లగా చూపించింది. దాన్నే చూసి మేం రాగి మెరుస్తోందని కళ్లనీళ్లు పెట్టుకున్నాం. యంత్రం మొదట లోపం అన్నది అక్షరాలా నిజం.

ముప్పై ఏళ్లుగా పొడులతో బతికినదానికి ఇది తట్టలేదా అని ఎవరైనా అడగొచ్చు. పొడిలో రాగి అంతటా కలిపితే ఇనుముకు బలమని నాకు తెలుసు. ఒకచోట పోగేస్తే గొయ్యి అవుతుందని కూడా తెలిసి ఉండాల్సింది. కానీ గవరయ్య పేరు రాసిన రోజున నేను కొలిమి పెద్దని కాను. మొగుడు పోయిన మనిషిని. ఆ తర్వాత నలభై ఒకటి చేసిన రోజున మాత్రం కొలిమి పెద్దనే. దానికి నా దగ్గర సాకు లేదు.

4133వ రోజు

అధ్యక్షులవారి దర్శనం అయింది. కాలనీలో కిటికీ ఉన్న గది ఆయనదొక్కటే.

"రండి పైడమ్మగారూ, కూర్చోండి. బడి ప్రారంభం గురించేనా?"

"బడి గోడ గురించి బాబూ. పేర్లున్న నలభై ఒక్క పలకలూ లోపల బోలుగా ఉన్నాయి. మీది ఉబ్బుతోంది."

"యంత్రం బాగుందంటోంది కదండీ."

"అక్షరాలు చూడొద్దని దానికి చెప్పింది మనమే."

"మనం కాదు. కమిటీ."

కమిటీకి అధ్యక్షుడు ఆయనే. ఆ సంగతి ఆయనకు గుర్తుచేయడం మర్యాద కాదని ఊరుకున్నాను.

"ఒక్క పలక విప్పి, విరిచి చూపిస్తాను. మీదే ఇప్పించండి. అక్షరాలు ఎక్కువ కాబట్టి బాగా కనిపిస్తుంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూడండి, ఒక్కో పేరు వెనక ఒక్కో కుటుంబం మనోభావాలున్నాయి. మీ అనుమానం కోసం విరిచేస్తామా? రుజువు తెండి, సభలో పెడదాం. కొత్తగా ఒకటి చేసి చూపించండి."

"రాగి లేదు బాబూ. ఊళ్లో చెంబులన్నీ రాకేశాం."

"అయితే రుజువు లేదన్నమాట" అన్నారాయన, ఎంతో బాధగా. ఆ బాధ నటనైతే మనిషి చాలా గొప్పవాడు.

తిరిగొచ్చి నా పీట మీద కూర్చుని, అలవాటు కొద్దీ గోడకు వీపు ఆనించాను. అప్పుడు గుర్తొచ్చింది, బడిలో లేని పేరున్న పలక ఒకటి ఉందని.

గరిటెతో దాన్ని ఎప్పుడూ కొట్టలేదు. ఇవాళ కొట్టాను. డబ్‌మంది.

4134వ రోజు

డిల్లేసు ఒప్పుకోలేదు.

"ఒగ్గీయప్పా. బావ పేరది. మా గుంటలిద్దర్నీ ఆ గదిలోకి పంపను, అయిపోయింది. కుమారిని కూడా మాన్పించీస్తాను."

"మిగతా ముప్పై ఆరుగుర్నీ?"

వాడు ప్రెస్సు వైపు తిరిగి తుడిచిన చోటే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే, "బావే ఉంటే ఏటనీవోడు?" అన్నాడు.

"ముందు కరెంటు ఆపండి అనీవోడు. ఏ పని సెప్పినా ముందు ఆ మాటే."

ఇద్దరం నవ్వాం. తర్వాత నేను ఏడ్చాను. పుస్తకంలో రాయదగ్గ విషయం కాదు, కానీ జరిగింది.

కొలిమి ఆపి, గదిలో గాలి తీసేసి, బయటి బట్టలు వేసుకుని ఆ పలక విప్పాం. దాని చోట పేరులేని పలక బిగించాం. విప్పిన పలక పట్టుకుంటే నేననుకున్నంత బరువు లేదు.

4136వ రోజు

సభ భోజనాల గదిలోనే జరిగింది. ప్రెస్సును అక్కడికి తేలేం కాబట్టి చేత్తో తిప్పే చిన్న ప్రెస్సు తెచ్చాం. అధ్యక్షులవారు ముందు వరుసలో కూర్చున్నారు. పకోడీ ఉంది.

మొదట ఉత్త పలకను రెండు అంచుల మీద ఆనించి నడుమ నొక్కాం. ముల్లు తొంభై టన్నులు చూపించేదాకా డిల్లేసు పిడి తిప్పాడు. పలక వంగింది తప్ప విరగలేదు.

"ఇప్పుడు ఇది మా ఆయనది" అన్నాను. ఏం విరవబోతున్నామో అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. సుహాసిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డిల్లేసు పిడి వదిలేసి పక్కకు జరిగాడు. నేనే తిప్పాను. ఇరవై రెండు టన్నుల దగ్గర టప్‌మంది. పలక విరగలేదు, విడిపోయింది. మడత కాజాను వేళ్లతో విప్పితే పొరలు ఎలా విడిపోతాయో అలా, సరిగ్గా ఆరో పొర దగ్గర. రెండు ముక్కలూ బల్ల మీద వెల్లకిలా పడ్డాయి. రెండింటిలోనూ గవరయ్య పేరు ఉంది. ఒకదానిలో తిన్నగా, ఒకదానిలో తిరగేసి. రాగి లేదు. అక్షరాలున్న చోట వేలు పట్టేంత గాడి.

రాగి ఎక్కడికి పోయిందో చెప్పాను. బీట ఎలా పాకుతుందో చెప్పాను. ఈ పద్ధతి మొదలుపెట్టింది నేనేనని కూడా చెప్పాను.

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "మావన్నీ కూడా ఇలాగే ఉంటాయంటారా?"

"ఇలాగే ఉండవు బాబూ. మా ఆయనది చిన్న పేరు. మీది దీనికి ఆరింతలు బోలు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. ఆయన మొహం కందిపోయింది. "దీని మీద నిపుణులతో ఒక ఉపసంఘం వేసి, ప్రారంభోత్సవం అయ్యాక..." అంటూ లేచారు.

కుమారి కూర్చున్న చోటు నుంచి లేవకుండానే అడిగింది. "ముప్పై ఎనిమిది మంది మీ పేరు కింద నుంచే లోపలికెల్తారండీ. ఉపసంఘం వొచ్చేదాకా ఆలకి ఏటి సెప్పమంతారు? గట్టిగా తలుపెయ్యొద్దని సెప్పనా?"

పేర్లు ఇచ్చినవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ముందు నాది తీయమంటే పక్కింటివాడిది ఉండిపోతుందేమోనన్న భయం ఆ చూపుల్లో నాకు స్పష్టంగా కనిపించింది. ఆ క్షణంలో మా జాతి మీద నాకు మిగిలిన కాస్త నమ్మకం కూడా పోయేదే.

అప్పలనర్సయ్య వెనక నుంచి లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. గవరయ్య పేరు గాడిలో వేలు పెట్టి, చివరి అక్షరం దాకా తిప్పాడు.

"నాది తీసీయండి" అన్నాడు. "లచ్చమ్ముంటే పిల్లల మీద గోడ పడనిచ్చీదేటి? సంపీసీది నన్ను."

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు, నాదీ తీసీయండి, మాదీ తీసీయండి. మొదట తీసింది మా పలకేనని రాసుకోండి అని ఇద్దరు అప్పుడే వాదులాట మొదలుపెట్టారు. చివరికి నలభై అయ్యాయి. అందరూ ముందు వరుస వైపు చూశారు. అధ్యక్షులవారు చేతిలో పకోడీ ఉండగానే తల ఊపారు. సభ తీర్మానం 'అధ్యక్షుల చొరవతో' అని నమోదైంది. నాకు అభ్యంతరం లేదు. కాగితం మీద పేరు గాలిని ఆపాల్సిన పని లేదు.

4140వ రోజు

నలభై ఒక్క పలకలూ విప్పి తెచ్చాం. ఇక్కడ ఏదీ పారేయం, అన్నీ మరలోకి వెళ్లి మళ్లీ పొడి కావాల్సిందే. గవరయ్య ముక్కలు రెండూ నా పీట పక్కన పెట్టుకుని నాలుగు రోజులు చూశాను. ఒకటి ఉంచేసుకోమని డిల్లేసు అన్నాడు. నియమం ప్రకారం కుదరదన్నాను. ఈ పుస్తకంలో ఇన్నేళ్లలో నేను ఒక్క నియమం పాటించినట్టు ఇదొక్కటే ఆధారం.

ముందు అవే మరలో వేశాను. వెనకే లచ్చమ్మను. ఆ వెనక 'శ్రీ'తో సహా అధ్యక్షులవారిని.

బయటికి వచ్చిన పొడి మామూలు ఇనుములా బూడిదరంగులో లేదు. లేత ఎరుపు తిరిగింది. ఊళ్లోని చెంబులు, కడియాలు, గవరయ్య తీగలు, అన్నీ సమంగా కలిసిపోయాయి. దాంతో ఒక పలక చేసి చిన్న ప్రెస్సులో పెట్టాం. తొంభైకి కూడా విరగలేదు. నూట పదకొండు దగ్గర ప్రెస్సే మూలిగింది.

4158వ రోజు

ప్రారంభం నెల రోజులు వాయిదా పడింది, గాలి పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆ ఎర్ర పొడితో నలభై పలకలు చేసి బిగించాం, గోడలో చివరి పలక ఒక్కటి మిగిలింది, గుమ్మం పైది. కొలిమి గదిలో అచ్చు సిద్ధంగా ఉంది. అయిదు పొరలు పరిచి ఆరోది చదును చేస్తుంటే, కుమారి తొమ్మిది మంది పిల్లల్నీ వెంటేసుకుని వచ్చింది.

"పళ్లెం ఎందుకప్పా. ఆళ్లని ఇందులోనే దిద్దనీ."

నియమాల్లో ఇది కూడదని ఎక్కడా లేదు. ఇలాంటిది ఎవరికైనా తడుతుందని రాసినవాళ్లు ఊహించి ఉండరు. పిల్లలు ఒక్కొక్కరే పీట ఎక్కి, ఆ లేత ఎరుపు పొడిలో వేలితో అక్షరాలు దిద్దారు. ఒకరి 'అ' మీదే ఇంకొకరి 'ఆ' పడింది. ఒక పిల్ల తన పేరు మొత్తం రాసేసి అందరి వైపూ గర్వంగా చూసింది. ఆ పిల్ల పెద్దయ్యాక అధ్యక్షురాలవుతుంది, రాసిపెట్టుకోండి.

అధ్యక్షులవారు కూడా వచ్చారు. కాసేపు నిలబడి చూసి, మెల్లిగా అడిగారు. "అయితే పైడమ్మగారూ, ఇప్పుడు మా పేరు ఇందులో లేనట్టేనా?"

"ఎందుకు లేదు బాబూ? అరవైలో నలభై ఒక్కింట ఉంది. కాకపోతే అందరితో కలిసి ఉంది."

ఆయనకు నచ్చిందో లేదో తెలియలేదు. తల ఊపారు.

అందరూ వెళ్లాక నేను చదును బద్ద చేతికి తీసుకున్నాను. తర్వాత పిల్లలు దిద్దిన అక్షరాల పక్కన మిగిలిన కాస్త చోట్లో వేలితో ఒక పేరు రాశాను. ఈసారి రాగి లేదు, ఉత్త వేలే. బద్ద పెట్టి ఈ అంచు నుంచి ఆ అంచుకు లాగాను. పొడి నున్నగా అయింది. మిగతా అయిదు పొరలూ కప్పాం. డిల్లేసు నొక్కాడు. కొలిమి రాజేశాం.

దించిన పలకలు: ఒకటి. పొరలు: పదకొండు. లోపాలు: లేవు. గరిటెతో కొట్టాను, ఖంగుమంది. చాలాసేపు మోగింది.